ఫ్లాపీ, జిప్, సీడీ: పాత కంప్యూటరు డిస్కులు – ఒక పోలిక

మన సరిహద్దు గ్రామాలలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే భూమి పత్రాలు, జాతకాలు, శుభలేఖల నడుమ ఒక్కొక్కచోట నల్లని చదరపు ప్లాస్టిక్ బిళ్లలు కనబడతాయి. అవి ఏమిటో పిల్లలకు తెలియదు. పెద్దలకు తెలిసినా వాటిని చదివే యంత్రం ఇంట ఉండదు. పనికిరావని పారవేసే ముందు వాటి రకాలను, బలాబలాలను తెలుసుకొనుట మేలు. వాటిలో ఏముందో చూడకుండా పారవేస్తే తిరిగి రాదు.

ఫ్లాపీ పుట్టుక

ఫ్లాపీ అంటే మెత్తగా వంగేది అని అర్థం. పలుచని ప్లాస్టిక్ రేకుపై అయస్కాంత గుణం గల పూత పూసి, దానిని ఒక తొడుగులో అమర్చుతారు. రేకు తిరుగుతుండగా యంత్రంలోని చదివే తల దానిని తాకుతూ వలయాకారపు జాడలలో సమాచారం వ్రాస్తుంది, చదువుతుంది.

మొదటి ఫ్లాపీని 1971లో అమెరికాకు చెందిన ఐ.బి.ఎం. సంస్థ వెలువరించింది. దాని వెడల్పు 8 అంగుళాలు, నిల్వశక్తి సుమారు 80 కిలోబైట్లు. పెద్ద కంప్యూటర్లకు ప్రారంభ ఆదేశాలను అందించడమే దాని తొలి పని.

1976లో షుగార్ట్ అసోసియేట్స్ సంస్థ ఐదుంపావు అంగుళాల డిస్కును తెచ్చింది. ఈ రకంలో తర్వాత బాగా వాడుకలోకి వచ్చినవి రెండు: 360 కిలోబైట్లది, 1984లో వచ్చిన 1.2 మెగాబైట్లది. చూపుకు రెండూ ఒకటే. కాని 360 డిస్కుపై 1.2 యంత్రంలో వ్రాస్తే జాడలు సన్నగా పడి, పాత 360 యంత్రం వాటిని సరిగా చదవలేకపోయేది.

1981లో సోనీ సంస్థ మూడున్నర అంగుళాల డిస్కును పరిచయం చేసింది. గట్టి ప్లాస్టిక్ తొడుగు, జరిగే లోహపు మూత దీని విశేషాలు. 1987 నుండి ప్రచారమైన 1.44 మెగాబైట్ల రకమే మన ఊళ్లలోని డి.టి.పి. కేంద్రాలలోను, బడులలోను ఎక్కువగా కనబడింది. దీనికి రెండు వైపులా 80 చొప్పున జాడలు, ఒక్కొక్క జాడలో 18 గళ్లు, ఒక్కొక్క గడిలో 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు వస్తాయి. పిల్లలకు లెక్కగా ఇవ్వదగినది.

రక్షణ గడి

డిస్కులోని సమాచారం పొరపాటున చెరిగిపోకుండా అంచున ఒక గడి ఉంటుంది. ఐదుంపావు అంగుళాల డిస్కుకు ఆ గంటును కాగితంతో మూసివేస్తే రక్షణ. మూడున్నర అంగుళాల డిస్కుకు దీనికి విరుద్ధం: చిన్న మూత జరిపి రంధ్రం తెరచి ఉంచితేనే రక్షణ. ఈ తేడా తెలియక ఎందరో డిస్కులను చెరుపుకొన్నారు.

జిప్, సూపర్ డిస్కు, జాజ్

బొమ్మలు, పుస్తకాల పేజీలు పెరిగేకొద్దీ ఫ్లాపీ చాలలేదు. 1995లో ఐయోమెగా సంస్థ 100 మెగాబైట్ల జిప్ డిస్కును విక్రయానికి తెచ్చింది. ఒక్క జిప్ సుమారు 70 ఫ్లాపీలకు సమానం. తరువాత 250, 750 మెగాబైట్ల రకాలు వచ్చాయి. 750 యంత్రం 100 మెగాబైట్ల డిస్కును చదవగలదే కాని దానిపై వ్రాయలేదు. కొన్ని జిప్ యంత్రాలు చెడిపోయి టక్కు టక్కుమని శబ్దం చేసేవి. అటువంటి యంత్రంలో పెట్టిన డిస్కుకు కూడా హాని కలిగేది.

120 మెగాబైట్ల సూపర్ డిస్కు యంత్రం మామూలు 1.44 ఫ్లాపీని సైతం చదివేది. జిప్‌కు ఆ సౌకర్యం లేదు. ఫ్లాపీలో అంగుళానికి 135 జాడలుంటే సూపర్ డిస్కులో 2,490. ఇంత సన్నని జాడలను వెదకుటకు కాంతికిరణం సాయపడేది. జాజ్ డిస్కులో మెత్తని రేకు బదులు గట్టి పళ్లేలు ఉండేవి. 1 గిగాబైటు పట్టేది, కాని వెల ఎక్కువ.

కాంతితో చదివే బిళ్లలు

వ్రాయదగిన సీడీ 650 లేదా 700 మెగాబైట్లు పట్టి, సుమారు 500 ఫ్లాపీల పని చేసింది. ఇందులో రంగుపొరపై లేజరు కిరణం గుర్తులు వేస్తుంది. కనుక అయస్కాంతం దీనిని చెరపదు. ఫ్లాపీ, జిప్ మాత్రం అయస్కాంతానికి లొంగుతాయి. సీడీకి శత్రువులు ఎండ, వేడి, గీతలు. పేరు వ్రాసే వైపే ఎక్కువ సున్నితమైనది. ప్రతిఫలించే పొర ఆ లక్క పూత కిందనే ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా వ్రాయరాదు.

2000 నుండి పెన్‌డ్రైవులు వచ్చి ఈ డిస్కులన్నిటినీ క్రమంగా వెనుకకు నెట్టాయి. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల అమ్మకం నిలిపివేసింది.

ఇంట ఉన్నవారు చేయవలసినది

మూడున్నర అంగుళాల ఫ్లాపీకి యు.ఎస్.బి. తీగతో తగిలించే యంత్రాలు దొరుకుతాయి. ఐదుంపావు అంగుళాల డిస్కుకు పాత యంత్రం గలవారిని వెదకాలి. ముందుగా రక్షణ గడిని సరిచూడండి. లోహపు మూత జరిపి, రేకుపై తెల్లని బూజు ఉంటే యంత్రంలో పెట్టకండి. బూజు చదివే తలకు అంటి తరువాతి డిస్కులనూ గీస్తుంది. యానాం వంటి తేమ ప్రాంతాలవారు దీనిని మరీ జాగ్రత్తగా చూడాలి. డిస్కు తెరుచుకోక, ఫార్మాట్ చేయాలా అని కంప్యూటరు అడిగితే ఎన్నడూ అవునని చెప్పకండి. తెరుచుకొన్నదానిని వెంటనే రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి.

తెలుగు అక్షరాల చిక్కు

మా నాన్నగారు 2001లో మా ఊరి ముత్తైదువల పెళ్లిపాటలను సేకరించి, తెలుగులో టైపు చేయించి ఆరు ఫ్లాపీలలో దాచారు. మేము బడిలో చదివినది తమిళం. ఆ పాటలు మాత్రం మా ఇంటి తెలుగు. ఇటీవల చూడగా నాలుగు తెరుచుకొన్నాయి, రెండు తెరుచుకోలేదు. తెరుచుకొన్నవాటిలోనూ అక్షరాలు కాక పిచ్చి గుర్తులు కనబడ్డాయి. ఆ కాలపు డి.టి.పి. ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కాకపోవడమే కారణం. అదే ఫాంటు సంపాదించి తెరచిన పిమ్మట పాటలు చదవగలిగాము. కనుక ఫైలుతోపాటు ఫాంటునూ దాచాలి. వీలైతే యూనికోడులోకి మార్చాలి. ఒక ప్రతి కాగితంపై అచ్చు తీయుట మరీ మంచిది.

ఆ రెండు ఫ్లాపీలలోని పాటలు పాడిన పెద్దమ్మలు నేడు లేరు. మీ ఇంట అటువంటి బిళ్ల ఉంటే ఈ సెలవులలోనే తీసి చూడండి. డిస్కు మీద పేరు లేకపోతే, అది ఎవరిదో చెప్పగల పెద్దలను ఇప్పుడే అడిగి వ్రాసి పెట్టుకోండి.