విశల్యకరణి

"చిక్కి శల్యమైపోయాడు" అంటే ఒంట్లో ఎముకలే మిగిలాయని. సంస్కృతంలో శల్యమంటే బాణపు ములికి, ముల్లు; ఒంట్లో దిగబడి సలిపేది ఏదైనా శల్యమే. ముందు 'వి' చేరిస్తే అది తొలగినట్టు. దిగబడినదాన్ని లేకుండా చేసే మందు విశల్యకరణి.

వాల్మీకి రామాయణం యుద్ధకాండలో జాంబవంతుడు హనుమంతుణ్ణి తెమ్మన్న నాలుగు ఓషధుల్లో ఇదొకటి. జనం నోట మృతసంజీవని ఒక్కటే నిలిచింది గానీ, తక్కిన మూడూ చేయి తిరిగిన వైద్యుడు రాసిచ్చిన చీటీలా ఉంటాయి: విశల్యకరణి ములికి తీస్తుంది, సంధానకరణి తెగినదాన్ని అతుకుతుంది, సావర్ణ్యకరణి చర్మానికి పాత రంగు తెస్తుంది.

సుశ్రుతుడి శస్త్రవైద్యం పేరు శల్యతంత్రం. ఆయుర్వేద కళాశాలల్లో నేటికీ ఆ విభాగానిది అదే పేరు. బాణాలు లాగే పని ఎటూ లేదు. ఇప్పుడక్కడ భగందరానికి, అంటే మలద్వారం దగ్గరి నాళవ్రణానికి, క్షారసూత్రమనే మందు పూసిన దారం కడుతున్నారు.

పొలంలో కొడవలి తగిలి చేయి తెగితే విశల్యకరణి అన్నంత పెద్ద పేరు ఎవరికి గుర్తొస్తుంది? గట్టు మీది గడ్డిచామంతి ఆకులు అరచేతిలో నలిపి, పచ్చటి పసరు గాయం మీద పిండుతారు. అందుకే అది గాయపాకు. నిజానికి అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క. జాంబవంతుడి చీటీలో దానికి చోటే లేదు.