తగవు నుంచి డిక్రీ దాకా: తెలుగు నేలపై న్యాయ ఆంగ్ల పదజాలం – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

పల్నాడు జిల్లాలోని ముప్పాళ్ళ ఒక మండల కేంద్రం. అక్కడి రైతుకు గట్టు తగాదా వచ్చి అవతలి వారు కోర్టుకు వెళ్తే, అతని చేతికి అందే తొలి కాగితం సమను. దాన్ని పట్టుకొని అతడు వకీలు దగ్గరికి వెళ్లి వకాల్తా ఇస్తాడు. వాయిదాలు నడుస్తాయి. సాక్షులు వస్తారు. చివరకు తీర్పు వెలువడి డిక్రీ తయారవుతుంది, లేదా మధ్యలోనే రాజీ కుదురుతుంది. ఈ వరుసలో సమను, డిక్రీ ఆంగ్లం నుంచి వచ్చాయి. వకీలు, వకాల్తా, వాయిదా, రాజీ అరబ్బీ, పారసీ మూలాల నుంచి వచ్చాయి. సాక్షి సంస్కృతం. తీర్పు అచ్చ తెలుగు. ఒక్క దావాలోనే నాలుగు భాషా స్తరాలు కనిపిస్తున్నాయి.

న్యాయ ఆంగ్లాన్ని నేర్పే ప్రాథమిక పదపట్టికలు సాధారణంగా ఈ స్తరాలను పట్టించుకోవు. ఒక ఆంగ్ల పదం పక్కన ఒక తెలుగు పదాన్ని ఉంచి, రెండూ సమానమని చెబుతాయి. తెలుగులో న్యాయపదాలకు అప్పటికే ఒక చరిత్ర ఉందనీ, ఆ చరిత్ర తెలియకుండా కుదిర్చిన సమానార్థకాలు అభ్యాసకుణ్ణి తప్పుదారి పట్టిస్తాయనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. తెలుగు నేలపై తొలినాటి న్యాయ, రెవెన్యూ పదకోశాలు ఎవరి అవసరం కోసం తయారయ్యాయన్న ప్రశ్న కూడా ఇందులో భాగమే.

తగవు, వ్యవహారం: ఆంగ్లానికి ముందటి స్తరాలు

దేశ్యపదమైన 'తగవు' తగు ధాతువుకు చెందింది. ప్రాచీన కావ్యభాషలో దానికి న్యాయం, ఔచిత్యం అని అర్థం. తగవరి అంటే న్యాయం చెప్పే పెద్దమనిషి. నేటి వాడుకలో తగవు అంటే జగడం. న్యాయాన్ని చెప్పిన మాట, న్యాయం అవసరమైన స్థితిని చెప్పే మాటగా మారింది. 'తగవు తీర్చడం' అనే పదబంధంలో ఈ రెండు అర్థాల మధ్య దారి ఇప్పటికీ కనిపిస్తుంది.

సంస్కృత స్తరంలోనూ ఇటువంటి మార్పే జరిగింది. యాజ్ఞవల్క్యస్మృతి ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా విభక్తమైంది. అందులో వ్యవహారమంటే అభియోగాన్ని విచారించే ప్రక్రియ. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయం' రచించాడు. రుణం, సాక్ష్యం, దాయభాగం వంటి విషయాలు తెలుగు పద్యంలోకి ఆ విధంగా వచ్చాయి. నేడు వ్యవహారం అంటే లావాదేవీ, వాడుక. వ్యావహారిక భాషను గురించి చర్చించేవారికి ఆ మాటలోని న్యాయార్థం స్ఫురించదు. సివిల్ చట్టానికి వ్యవహార చట్టమన్న అనువాదం ఈ పాత అర్థానికి దగ్గరగా ఉన్నా, సాధారణ పాఠకుడికి అపరిచితంగా తోచడానికి కారణమిదే.

పారసీ స్తరం: అర్థాలు తలకిందులైన తీరు

కుతుబ్‌షాహీ, మొగలు, ఆసఫ్‌జాహీ పాలనల్లో రెవెన్యూ, న్యాయ వ్యవహారాల పరిభాష పారసీమయమైంది. దస్తావేజు, ఫిర్యాదు, జప్తు, జామీను, నకలు, అమలు, హాజరు వంటి మాటలు ఊరి కరణం కలం నుంచి రైతు నోటికి చేరాయి. 1788లో గుంటూరు సర్కారు, 1801లో పల్నాడు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి ఈ మాటలు తెలుగు మాటలుగానే స్థిరపడి ఉన్నాయి.

వీటిలో మూడింటి చరిత్రను ప్రత్యేకంగా గమనించాలి. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసిన వ్యక్తి. ఎవరిపై దావా వేశారో ఆ వ్యక్తి ముద్దఆ అలైహి. నేటి తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణకు గురైనవాడు. అంటే వాదిని సూచించిన మాట కక్ష దాటి ఎదుటి పక్షానికి చేరింది. ఉర్దూ న్యాయపత్రం చదివే తెలుగు పాఠకుడు ఈ మార్పును ఎరగకపోతే దావాలోని ఇరుపక్షాలనూ తారుమారు చేసుకొంటాడు.

రెండవది రాజీనామా. అంగీకారాన్ని తెలిపే పత్రమన్నది దాని మూలార్థం. ఇరుపక్షాలూ సమాధానపడి కోర్టుకు దాఖలు చేసే పత్రానికి ఆ పేరు ఉండేది. బొంబాయి ప్రాంత రెవెన్యూ వాడుకలో, రైతు తన సాగుభూమిని వదులుకొంటూ ఇచ్చే పత్రాన్ని కూడా రాజీనామా అనేవారు. అంగీకారం నుంచి వదులుకోవడానికి అర్థం ఎలా మళ్లగలదో ఈ వాడుక చూపుతుంది. తెలుగులో రాజీ సమాధానపడటంగానూ, రాజీనామా పదవిని వదులుకోవడంగానూ విడిపోయాయి.

మూడవది వాయిదా. వాగ్దానమనే అర్థమున్న అరబ్బీ మాట, వాగ్దానం నెరవేర్చవలసిన గడువుగా, ఆపై విచారణను మరో తేదీకి మార్చడంగా పరిణమించింది. కోర్టు చుట్టూ తిరిగే కక్షిదారుకు వాయిదాలో వాగ్దానం వినిపించదు. ఆలస్యమే వినిపిస్తుంది.

ఎవరి కోసం పదకోశం?

1802 నుంచి మద్రాసు రాజధానిలో కంపెనీ కొత్త న్యాయవ్యవస్థను నెలకొల్పింది. 1816 నాటి నిబంధనలు గ్రామ మునసబులకూ, గ్రామ పంచాయతీలకూ, జిల్లా మునసబులకూ న్యాయాధికారాలిచ్చాయి. వ్యవస్థ ఆంగ్లేయులది, మునసబు అనే పేరు మాత్రం పాత పాలనది. కొత్త అధికారికి పాత పేరు పెట్టడం వల్ల పదజాలం ఒక్కసారిగా మారలేదు. పాత మాటలు కొత్త పనులకు ఒదిగాయి.

ఈ పరిస్థితిలో భాష నేర్చుకోవలసిన అగత్యం మొదట పాలకుడికి కలిగింది. 1812లో స్థాపితమైన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల సివిల్ ఉద్యోగులకు దేశభాషలు నేర్పింది. జె.సి. మోరిస్ 1823లో ప్రచురించిన తెలుగు వాచకానికి ఉత్తర సర్కారుల రెవెన్యూ పదాల పట్టికను అనుబంధంగా చేర్చాడు. కడప, మచిలీపట్నం, రాజమహేంద్రి, గుంటూరు ప్రాంతాల్లో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852లో 'జిల్లా డిక్షనరీ'ని వెలువరించాడు. అది దేశీయ వ్యవహార పదాలను రోమను లిపిలో ఇచ్చి ఆంగ్లంలో వివరించింది. 1854లో అతని మిశ్రభాషా నిఘంటువు వచ్చింది. తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకు దానిలో చోటు దొరికింది. కావ్యభాషను ప్రమాణంగా భావించే పండితులు పక్కన పెట్టిన మాటలను కచేరీ అవసరం నిఘంటువులోకి తెచ్చింది. 1855లో హెచ్.హెచ్. విల్సన్ దేశమంతటి న్యాయ, రెవెన్యూ పదాలతో బృహత్కోశాన్ని ప్రచురించాడు.

ఈ కోశాలన్నిటికీ ఒక సమాన లక్షణముంది. అవి దేశీయ పదం నుంచి ఆంగ్ల వివరణకు వెళ్తాయి. అర్జీ చదివే దొరకు ఉపయోగపడతాయి. సమను అందుకొన్న రైతుకు ఉపయోగపడవు. రైతుకూ కోర్టుకూ మధ్య ఉన్న వ్యక్తి దుబాసీ, అనువాదకుడు, వకీలు. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడిగా పనిచేశాడు. ఆంగ్లంలో అతడు రాసుకొన్న ఆత్మకథ 1873లో అచ్చయింది. 'కాశీయాత్ర చరిత్ర' కర్త ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. న్యాయ ఆంగ్లంపై పట్టు సాధించిన తొలితరం తెలుగువారికి ఆ జ్ఞానం ఉద్యోగమూ హోదా అయింది. అది ఊరికి పాఠంగా చేరలేదు.

ఇది మన దేశానికే పరిమితమైన స్థితి కాదు. నార్మనుల విజయానంతరం ఇంగ్లండు న్యాయస్థానాల్లో ఫ్రెంచి నడిచింది. వాదనలు ఆంగ్లంలో జరగాలని 1362లో చట్టం వచ్చినా న్యాయవాదుల ఫ్రెంచి చాలాకాలం నిలిచింది. లాటిన్, ఫ్రెంచి భాషలను కోర్టు పత్రాల నుంచి తొలగించే చట్టం 1731లో గాని రాలేదు. బెయిలు, అప్పీలు, డిక్రీ అనే మాటలు ఆ ఫ్రెంచి స్తరపు అవశేషాలే. ముప్పాళ్ళ రైతుకు పరాయిగా తోచే మాట ఒకనాడు ఆంగ్లేయ రైతుకూ పరాయిదే.

ఆంగ్ల పదాలు తెలుగులో ఒదిగిన తీరు

1859 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి, 1860లో రూపొంది 1862 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య, ఒప్పంద చట్టాలు ఆంగ్ల పరిభాషకు నిర్దిష్టతనిచ్చాయి. ఆ పదాలను తెలుగు తన వ్యాకరణానికి లోబరచుకొంది. సమన్స్ ఆంగ్లంలో ఏకవచనం. దాని చివరి సకారాన్ని తెలుగు వక్త బహువచన ప్రత్యయంగా గ్రహించాడు. దాన్ని తొలగించి సమను అని ఏకవచనాన్నీ, సమన్లు అని బహువచనాన్నీ ఏర్పరచుకొన్నాడు. ఇది తెలుగులో దోషం కాదు, భాష చేసుకొన్న నిర్మాణం. అయితే అదే వ్యక్తి ఆంగ్లం రాసేటప్పుడు దాన్ని బహువచనంగా ప్రయోగిస్తే దోషమవుతుంది.

సెక్షను సంఖ్యలు కూడా పదాలయ్యాయి. మోసగాణ్ణి 'ఫోర్ ట్వంటీ' అనడం శిక్షాస్మృతి 420వ సెక్షను నుంచి వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి రాగా మోసానికి సంబంధించిన సెక్షను 318 అయింది. 144వ సెక్షను కింద వెలువడే ఉత్తర్వులు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షనుకు మారాయి. చట్టపుస్తకం నుంచి పోయిన సంఖ్య జనం నోట నిలిచే ఉంది. కచేరీ మాట చట్టం కన్న దీర్ఘాయువని దీనివల్ల తెలుస్తుంది.

సమానార్థకాల సమస్య

అభ్యాసకుడికి అసలు చిక్కు పరాయి మాటల వల్ల కన్న, పరిచితంగా కనిపించే మాటల వల్లనే ఎక్కువ. మూడు సందర్భాలను పరిశీలించవచ్చు.

మొదటిది, ఒక తెలుగు మాట అనేక ఆంగ్ల పదాలకు సరిపెట్టుకోవడం. పోలీసు ఠాణాలో నమోదయ్యే ఎఫ్.ఐ.ఆర్.కు ఆధారమైన సమాచారాన్నీ, మేజిస్ట్రేటుకు నేరుగా సమర్పించే కంప్లయింటునూ వాడుకలో ఫిర్యాదే అంటాం. చట్టంలో అవి వేర్వేరు మార్గాలు. అట్లాగే విచారణకు తగిన ఆధారం లేదని అభియోగాల నమోదుకు ముందే విడిచిపెట్టడం డిశ్చార్జి, విచారణ ముగిశాక నిర్దోషిగా తీర్పు చెప్పడం అక్విటల్, విచారణ నడుస్తుండగా జామీనుపై వదలడం బెయిలు. వార్తలో మూడూ విడుదలే. బెయిలుపై వచ్చినవాణ్ణి ఊరు నిర్దోషిగా భావించడం, లేదా నిర్దోషిగా తేలినవాణ్ణి ఇంకా అనుమానించడం ఈ అస్పష్టతకు ఫలితాలు.

రెండవది, నిందితుడికీ దోషికీ మధ్య గీత చెరిగిపోవడం. ముద్దాయి అన్న మాట ఆరోపణ దశకు చెందినదైనా, జనవ్యవహారంలో అపరాధిత్వపు ఛాయను సంతరించుకొంది. దోషిత్వం రుజువయ్యే వరకు నిర్దోషిగానే పరిగణించాలన్న సూత్రం ఈ ఒక్క మాట వాడుకలో బలహీనపడుతుంది.

మూడవది, సాధారణ ఆంగ్ల పదానికి న్యాయంలో విశేషార్థం ఉండటం. కన్సిడరేషన్ అంటే ఆలోచన అని నేర్చుకొన్న విద్యార్థికి ఒప్పంద చట్టంలో అది ప్రతిఫలమని తోచదు. ఎగ్జిక్యూషన్ డిక్రీ విషయంలో అమలు, దస్తావేజు విషయంలో రాసి సంతకం చేసి ఇవ్వడం, మరణశిక్ష విషయంలో దాని నిర్వహణ. క్రయదస్తావేజు రాసే లేఖరి ఈ భేదాలను వృత్తివశాన ఎరుగుదురు. ప్రతిఫలం, స్వాధీనం, చెక్కుబంది అనే మాటల వద్ద పొరపడరు. పదపట్టికల కూర్పరులు సంప్రదించవలసిన తొలి వ్యక్తుల్లో దస్తావేజు లేఖరి ఒకరు.

రాజభాష, కోర్టుభాష

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడగా 1954లో గుంటూరులో హైకోర్టు నెలకొంది. 1956లో అది హైదరాబాదుకు తరలింది. పల్నాటి కక్షిదారుకు రెండేళ్ల పాటు హైకోర్టు తన జిల్లాలోనే ఉన్నా, దాని భాష మాత్రం ఆంగ్లమే. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టుల వ్యవహారాన్ని ఆంగ్లంలో నిర్దేశించింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. దిగువ కోర్టుల భాషను నిర్ణయించే అధికారాన్ని సివిల్, క్రిమినల్ ప్రక్రియా స్మృతులు రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చాయి. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే, అతనికి తెలిసిన భాషలో వివరించాలని 1973 నాటి క్రిమినల్ ప్రక్రియా స్మృతి 279వ సెక్షను ఆదేశించింది. కొత్త సంహితలోనూ ఆ రక్షణ కొనసాగింది.

2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించింది. తీర్పు తెలుగులో రాగలదని అది నిరూపించింది. అందులోని ప్రతి మాటా కక్షిదారుకు అర్థమవుతుందా అన్న ప్రశ్నను కూడా మన ముందుంచింది. సంస్కృత సమాసాలతో నిండిన తెలుగు కూడా ఆంగ్లమంత దూరంగా ఉండగలదు. వాడుకలో స్థిరపడిన డిక్రీ, జామీను, వాయిదా వంటి మాటలను తొలగించి కొత్త పదాలను కల్పించడం స్పష్టతకు దారితీయదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, ప్రాథమిక న్యాయ ఆంగ్ల పదాలను అకారాదిగా కాక సమను నుంచి అమలు దాకా దావా నడిచే క్రమంలో బోధించాలి. ఏ దశలో ఏ మాట వస్తుందో తెలిస్తే దాని అర్థపరిధి దానంతటదే తెలుస్తుంది. రెండు, ప్రతి ఆంగ్ల పదానికీ తెలుగు సమానార్థకంతో పాటు, ఆ తెలుగు మాట జనవ్యవహారంలో ఇంకా ఏయే అర్థాలను మోస్తోందో చెప్పాలి. ముద్దాయి, విడుదల, ఫిర్యాదు వంటి చోట్ల ఇది అనివార్యం. మూడు, పదాన్ని ఎంచుకోవడంలో దాని మూలభాష కొలమానం కారాదు. కక్షిదారుకు గల పరిచయమే కొలమానం కావాలి.

పంతొమ్మిదో శతాబ్దపు కోశకారులు కచేరీలోనూ అంగడిలోనూ తిరిగిన మాటలను వెదకి పట్టారు. ఆ పద్ధతి ఆదర్శప్రాయం. వారి పాఠకుడు బల్లకు ఆవలి వైపు కూర్చొన్న అధికారి. తెలుగు శాఖలు తలపెట్టవలసిన న్యాయ పదకోశం ఈవలి వైపు నిలబడిన వ్యక్తిది. తన పేరున వచ్చిన సమనులో ఏముందో, తాను సంతకం చేస్తున్న కాగితం దేనికి ఒప్పుకొంటోందో అతడు స్వయంగా చదివి తెలుసుకోగలగడమే ఆ కోశానికి ప్రయోజనం.