చలిజ్వరం – మాచిపత్రి – ఈస్టు గుమాస్తా



1957లో శంషాబాద్ దగ్గర మా ఊళ్లో నాకూ, మా చెల్లెలికీ చలిజ్వరం వచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. మా నాయన సైకిలు మీద పట్నం వెళ్లి మందు తెచ్చేసరికి చెల్లెలు పోయింది. నేను బతికాను. అప్పటి నుంచీ ఆ జ్వరం గురించి ఎక్కడ కనిపించినా చదువుతూనే ఉన్నాను.

ఆ జ్వరం గుట్టు బయటపడింది మన నగరంలోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ భవనం పాత విమానాశ్రయానికి దగ్గరలోనే ఉంది. 2008 మార్చిలో విమానాలు మా శంషాబాద్‌కు తరలివచ్చాయి గాని, ఆ చరిత్ర మాత్రం అక్కడే ఉంది.

ఇక మందు సంగతి. క్వినైన్ సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చింది. తర్వాత వచ్చిన క్లోరోక్విన్‌కు చాలా దేశాల్లో క్రిమి లొంగడం మానేసింది. 1972లో చైనాలో తు యూయూ బృందం ఆర్టెమిసినిన్ అనే మందును వేరుచేసింది. అది మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి బంధువైన మొక్క నుంచి వచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

మొక్క పెరగాలంటే నెలలు పడుతుంది. అందుకని అమెరికాలోని బర్కిలీలో జే కీస్లింగ్ బృందం ఈస్టును ఆశ్రయించింది. కల్లును పులియబెట్టేది ఈ ఈస్టే. నా సర్వీసంతా అధికారి ఇచ్చిన డ్రాఫ్టుకు ఫెయిర్ కాపీ తీశాను. ఈస్టు కణం చేసేదీ అదే. మొక్క జన్యువు అనే డ్రాఫ్టును అందులో పెడితే, మొక్క ప్రొటీన్‌ను తయారుచేసి ఇస్తుంది. మొక్కలో వేల ప్రొటీన్లు కలగలిసి ఉంటాయి. ఈస్టులో కావలసినదొక్కటే పెట్టి దాని పని విడిగా చూడవచ్చు. అలా చూస్తే, ఒకే ప్రొటీన్ వరుసగా మూడు మార్పులు చేస్తోందని 2006లో తేలింది. ఒకే గుమాస్తా మూడు సీట్ల పని చూసినట్టన్నమాట! 2013 నాటికి ఈస్టు లీటరుకు 25 గ్రాముల ఆర్టెమిసినిక్ ఆమ్లం ఇచ్చింది. దాని నుంచి మందు చేస్తారు. అయితే పొలంలో పండిన మందు ధర పడిపోవడంతో ఈస్టు మందు బజారులో నిలదొక్కుకోలేదు.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. 1997లోనే హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఈస్టుతో హెపటైటిస్ బి టీకా తెచ్చింది. అక్కడ డ్రాఫ్టు మొక్కది కాదు, వైరస్‌ది.

మందు కనిపెడితే చాలదు, చేరాలి కూడా. మా నాయన సైకిలు నాకు చెప్పిన పాఠం అది. మిత్రులారా, చలిజ్వరం వస్తే ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయించుకోండి. సెలవు.