మీథేన్ విద్యుత్ రసాయన మార్పిడి

మీథేన్ విద్యుత్ రసాయన మార్పిడి అనగా సహజ వాయువులో ప్రధాన భాగమైన మీథేన్‌ను విద్యుత్తు సహాయంతో మిథనాల్, ఇథిలీన్, బెంజీన్ వంటి విలువైన రసాయనాలుగా మార్చే ప్రక్రియ.

నేపథ్యం

మీథేన్ అణువులో ఒక కార్బన్ పరమాణువుతో నాలుగు హైడ్రోజన్ పరమాణువులు బలమైన బంధాలతో కలిసి ఉంటాయి. మొదటి బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్ల శక్తి అవసరం. అందువలన పరిశ్రమలలో మీథేన్‌కు నికెల్ ఉత్ప్రేరకంపై, 700 నుండి 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి ఆవిరితో చర్య జరుపుతారు. ఇలా లభించే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌ల మిశ్రమం నుండి మిథనాల్ తయారవుతుంది. ఈ వేడి కోసం ఇంధనాన్ని మండించడం వలన కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఇటువంటి కర్మాగారాలు పెద్దవైతేనే గిట్టుబాటు అవుతాయి. మారుమూల చమురు బావుల వద్ద వెలువడే వాయువును అక్కడే మండించివేయడానికి ఇదొక కారణం.

పనిచేసే విధానం

విద్యుత్ ఘటంలో ఆనోడు వద్ద మీథేన్ నీటితో కలిసి ఆక్సీకరణం చెంది మిథనాల్‌గా మారగలదు. అప్పుడు విడుదలయ్యే ప్రోటాన్లు కాథోడును చేరి హైడ్రోజన్ వాయువు అవుతాయి. చర్యను వోల్టేజీతో అదుపు చేయవచ్చు. సౌర, పవన విద్యుత్తును వాడితే ఇంధనం మండించే అవసరం తగ్గుతుంది.

అధిక ఉష్ణోగ్రత వద్ద సిరామిక్ పొరలను వాడతారు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, బేరియం జిర్కొనేటు ఆధారిత పొర ద్వారా హైడ్రోజన్‌ను వేరుచేస్తూ మీథేన్‌ను నేరుగా బెంజీన్ వంటి ఆరోమాటిక్ సమ్మేళనాలుగా మార్చారు.

సమస్యలు

మీథేన్ కంటే మిథనాల్ సులభంగా ఆక్సీకరణం చెందుతుంది. అందువలన ఏర్పడిన మిథనాల్ అక్కడితో ఆగక కార్బన్ డయాక్సైడు వరకు పోతుంది. మీథేన్ నీటిలో చాలా తక్కువగా కరగడం వలన చర్య నెమ్మదిగా సాగుతుంది. అధిక ఉష్ణోగ్రత ఘటాలలో ఉత్ప్రేరకంపై కార్బన్ పేరుకొని దాని పనితనం తగ్గుతుంది. ఈ కారణాల వలన ఈ పద్ధతి చాలావరకు ప్రయోగశాలలకే పరిమితమై ఉంది.

ఇవి కూడా చూడండి

మీథేన్
మిథనాల్
విద్యుద్విశ్లేషణ