వంటగట్టుకు గాజుబండ: ఎంపికకు ముందు తెలియవలసిన విషయాలు

కన్నడిగులు ‘అడుగె కట్టె’ అన్నా, తమిళులు ‘సమయల్ మేడై’ అన్నా, మరాఠీవారు ‘ఓటా’ అన్నా, సరిహద్దు గ్రామాల తెలుగు ఇంటిలో అది వంటగట్టే. నేలపొయ్యి పోయి గ్యాసు పొయ్యి వచ్చిన నాటి నుండి ఇంటి పనిలో అధిక భాగం దానిపైనే జరుగుతున్నది. ఒకసారి అమర్చిన బండను మార్చవలెనంటే సింకు, గోడ టైల్సు, కింది అరలు అన్నీ కదిలించక తప్పదు. కనుక ఇది ఒక తరానికి చేసే ఖర్చు. ఈ మధ్య నగరాల దుకాణాలలో కనిపిస్తున్న రీసైకిల్డ్ గాజుబండ మన వంటకు ఎంతవరకు తగినదో విచారించుట అవసరం.

గాజుబండ అనగా నేమి?

పగిలిన సీసాలను, కిటికీ అద్దాలను చిన్న ముక్కలుగా చేసి, సిమెంటుతో గాని రెసిన్‌తో గాని కలిపి, పలకగా పోసి, నునుపుగా పాలిష్ పట్టినదే గాజుబండ. పాత మిద్దె ఇళ్లలోని మొజాయిక్ గచ్చును చూసినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. అందులో పాలరాతి చిప్సు, ఇందులో గాజు చిప్సు, అంతే భేదం. అమెరికాలోని బర్క్‌లీలో 1996లో మొదలైన వెట్రాజో, న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లో 2003లో మొదలైన ఐస్‌స్టోన్ సిమెంటుతో ఇటువంటి పలకలు చేసి పేరు పొందాయి.

బలమైనా, బలహీనమైనా కలిపే పదార్థంలోనే

గాజుకు చింతపండు వలన హాని లేదు, పసుపు మరక పట్టదు. కాని ముక్కల నడుమ ఉన్న సిమెంటు అట్లు కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం, పులిసిన మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం సిమెంటును తినివేస్తాయి. అక్కడ మెరుపు పోయి గరుకుతేలుతుంది. నూనె, పసుపు ఆ సూక్ష్మ రంధ్రాలలో ఇంకుతాయి. అందుకే సిమెంటు రకానికి సీలర్ పూత వేసి, అరిగినప్పుడల్లా మళ్లీ వేయవలసి ఉంటుంది.

రెసిన్ రకానికి మరక భయం తక్కువ, వేడి భయం ఎక్కువ. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే రెసిన్ రంగు మారవచ్చు, పగులు కూడా ఇవ్వవచ్చు. వడలు వేయించే నూనె వేడి దానిని మించి ఉంటుంది. కాబట్టి పొయ్యి మీది మూకుడును నేరుగా గట్టుపై దించే అలవాటున్న ఇంటికి రెసిన్ బండ సరిపడదు.

మన చుట్టుపట్ల రాళ్లతో పోలిక

కడప బండ, షాబాదు బండ, తాండూరు బండ సున్నపురాయి జాతికి చెందినవి. ధర అందుబాటులో ఉంటుంది గాని, సిమెంటు వలెనే ఇవి పులుపుకు లొంగుతాయి. గ్రానైట్‌కు వంటింటి పులుపు వలన, వేడి వలన వచ్చే కష్టం స్వల్పం. కాఠిన్యం కొలతలో గాజు సుమారు 5.5 కాగా, గ్రానైట్ 6 నుండి 7 వరకు ఉంటుంది. హోసూరు, కృష్ణగిరి వారికి తమ జిల్లా గనులే ఉన్నాయి. బళ్లారి, రాయచూరు వారికి ఇలకల్ రాయి, ఒడిశా అంచువారికి టెక్కలి ప్రాంతపు రాయి, నాందేడు, చంద్రపూర్ వారికి కరీంనగర్ రాయి దగ్గర. దూరదేశం నుండి ఓడలో వచ్చే గాజుబండకు రవాణా వ్యయం కూడా తోడవుతుంది.

ఊరి మేస్త్రీ చేత పోయించదలచినవారికి

సీసా పెంకులను మామూలు సిమెంటులో కలిపి పోస్తే సరిపోతుందని కొందరి భావన. ఇందులో ఒక చిక్కున్నది. సిమెంటులోని క్షారం తేమ సమక్షంలో గాజులోని సిలికాతో చర్య జరిపి, ఉబ్బే జిగురును పుట్టిస్తుంది. కొన్నేళ్లకు బండ లోపలి నుండి పగులుతుంది. కాంక్రీటులో ఇటువంటి చర్యను 1940లో అమెరికా ఇంజనీరు థామస్ స్టాంటన్ గుర్తించాడు. సిమెంటులో తగినంత ఫ్లై యాష్ కలిపితే ఈ ప్రమాదం తగ్గుతుంది. పి.పి.సి. సిమెంటులో అది 15 నుండి 35 శాతం వరకు ముందే ఉంటుంది. అయినా సింకు పక్కన నిత్యం తడిసే భాగానికి చేతిపోత గాజుబండ వేయకుండుటే క్షేమం.

కోసేవాని ఊపిరి

రాయి కోయునప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయం కాని వ్యాధిని కలిగిస్తుంది. కృత్రిమ క్వార్ట్జ్ పలకలలో ఈ సిలికా 90 శాతం వరకు ఉండుట వలన, కోత కార్మికులు జబ్బుపడగా, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి వాటిని నిషేధించింది. గాజులోని సిలికా స్ఫటిక రూపంలో ఉండదు కనుక ఈ విషయంలో గాజుబండది మేలైన స్థానం. అయితే గ్రానైట్ గాని గాజు గాని, నీరు పోస్తూ కోయించుట, మేస్త్రీ తగిన మాస్కు ధరించునట్లు చూచుట ఇంటివారి బాధ్యత. కోత ఇంటి లోపల కాక ఆరుబయట జరగాలి.

కొనే ముందు

కలిపినది సిమెంటా, రెసినా అని మొదట అడగాలి. నమూనా ముక్కను ఇంటికి తెచ్చి చింతపండు పులుసు, నిమ్మరసం, పసుపు కలిపిన నూనె ఒక్కొక్క చోట వేసి రాత్రంతా ఉంచి, ఉదయం కడిగి వెలుతురులో చూడాలి. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. 30 మిల్లీమీటర్ల సిమెంటు గాజుబండ దాదాపు 7 కిలోలు తూగుతుంది. కింది గోడలు, ఆధారాలు దానికి తగినట్లుండాలి. సీలర్ ఎన్నాళ్లకు వేయాలో, అది స్థానికంగా దొరుకుతుందో తెలుసుకొని, హామీని కాగితంపై వ్రాయించుకోవాలి.

నిత్యం పులుసు, పచ్చడి, వేపుడు జరిగే గట్టుకు గ్రానైటే నిలకడైనది. గాజుబండపై మక్కువ గలవారు వేడి, పులుపు తగలని భోజనాల గది అరుగుకు గాని, పూజగది పీఠానికి గాని దానిని వాడుకొంటే అందమూ దక్కుతుంది, ఖర్చూ అదుపులో ఉంటుంది.