పిల్లి పోయిన యింట పరామర్శ

నేడు జూబిలీ హిల్సు అనియు, ఫిల్మ్ నగరు అనియు ప్రఖ్యాతి గాంచిన యీ కొండనేల అరువది డెబ్బది యేండ్లకు పూర్వము గుండ్రాళ్లకును, సీతాఫలపు పొదలకును, నెమళ్లకును ఆటపట్టుగా నుండెను. సహకార గృహనిర్మాణ సంఘము ఇచట ఇండ్లస్థలములు పంచిపెట్టుటయు, సమీపముననే 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను ప్రారంభించుటయు, పిమ్మట రామానాయుడుగారు ఫిల్మ్ నగరు కొండకొమ్మున స్టూడియో నిర్మించుటయు జరిగిన తరువాత, మదరాసు కోడంబాకమును వీడి వచ్చిన తెలుగు చలనచిత్రసీమ మెల్లమెల్లగా ఈ బండలనే తన స్వస్థలముగా చేసికొనెను. ఆ యిండ్లలో నివసించిన నటీనటులను గూర్చి గ్రంథములు వెలువడినవి; ఆ యిండ్ల ప్రహరీగోడలపై ఎండ కాగి, వంటయింటి గడపలో పాలగిన్నెకై పడిగాపులు పడి, ఒకనాడు కన్నుమూసి యింటిల్లిపాదిని ఏడిపించిన పిల్లుల కథను వ్రాసినవారు అరుదు. ఆ కథయు ఈ కొండల చరిత్రలోనిదే యని నా నమ్మకము.

తొలినాళ్లలో ఇంటింటికిని పెరడుండెను గనుక చనిపోయిన పిల్లికి అక్కడనే చోటు దొరకెడిది. పాతచీరముక్కలో దానిని చుట్టి, జామచెట్టు మొదటనో వేపచెట్టు మొదటనో గుంత త్రవ్వి, అడుగున గుప్పెడు కల్లుప్పు చల్లి, పైన పసుపు కుంకుమలు వేసి పూడ్చుట పల్లెలనుండి వెంట వచ్చిన పద్ధతి. అయితే గోదావరీతీరపు ఒండ్రుమట్టివలె ఈ నేల లొంగునది కాదు. రెండడుగులు త్రవ్వునంతలో గడ్డపార కొనకు రాయి తగిలి ఖంగుమనును. అందుచేత తోటమాలి వేరొకచోటినుండి తట్టలతో మన్ను మోసికొని వచ్చి దిబ్బగా పోసి, వీధికుక్కలు పెకలింపకుండ దానిపై రాళ్లు పేర్చెడివాడు. ఆ సాయంకాలము పిల్లలు ఆ రాళ్లపై మందారపూవు నుంచి వచ్చి అన్నము వద్దనెడివారు. పెద్దలు వారిని కసరుకొనుచునే, తామును చాటున కొంగుతో కన్నులొత్తుకొనెడివారు.

చాటున నేల యేడ్వవలెను? మన ఆచారమునందు పిల్లి స్థానము విచిత్రమైనది. ఎదురైనచో అపశకునమని వెనుదిరిగి, కాళ్లు కడుగుకొని, కాసేపు కూర్చుండి మరల బయలుదేరుదుము. చంపినచో మాత్రము బంగారుపిల్లిని చేయించి కాశిలో దానమిచ్చినగాని ఆ పాపము పోదని మన నాయనమ్మలు చెప్పెడివారు. మనుస్మృతియు మార్జాలవధకు ప్రాయశ్చిత్తము విధించినది. శ్రీవైష్ణవులలో తెంగలె సంప్రదాయమువారు, తల్లిపిల్లి కూనను నోట కరచుకొని పోవునట్లు భగవంతుడే జీవుని ఎత్తుకొని పోవునని చెప్పి, మార్జాలకిశోరన్యాయమును శరణాగతికే దృష్టాంతముగా గ్రహించిరి. ఈ కొండలకు పొరుగున నున్న షేక్‌పేట, టోలీచౌకీల ముస్లిము గృహములలో పిల్లి శుచియైన ప్రాణిగా గదిగదియు తిరుగును. ప్రవక్త సహచరులలో నొకరికి అబూ హురైరా యను పేరు పిల్లికూనపై ప్రేమచేతనే వచ్చినది.

ఇంతటి గౌరవమున్నను, చనిపోయిన పిల్లికి మైల లేదు, దినము లేదు, పరామర్శ లేదు. మనిషి పోయిన యింటికి ఇరుగుపొరుగువారు వచ్చి, మాట పెగలకున్నను చేయి పట్టుకొని కాసేపు కూర్చుండి పోవుదురు, పిల్లి పోయిన యింటికి రారు సరిగదా, “పిల్లికేనా ఇంత యేడుపు?” అని నవ్వుదురు. గయాశ్రాద్ధమున పశుయోని నందిన జీవులకు సహితము పిండము పెట్టు మనము ఇట్లు నవ్వుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును. ప్రాచీన ఐగుప్తులో పిల్లి చచ్చిన యింటివారందరును కనుబొమలు గొరిగించుకొనెడివారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. వారి దుఃఖము ముఖముననే కనబడుటచేత, దానిని ఎవరికిని విడమరచి చెప్పవలసిన పని లేకుండెను. జపానులో రచయిత నత్సుమే సోసెకి తన ప్రసిద్ధ నవలకు మూలమైన పిల్లి 1908లో మరణింపగా, ఆ వార్తను మిత్రులకు కార్డులు వ్రాసి తెలిపెను.

మూగజీవి బాధను తేలికగా చూడరాదను భావము ఈ కొండలలో ఒక సంస్థగా రూపొందుట వెనుక మదరాసు కథ యొకటి కలదు. కళాక్షేత్రమను నాట్యవిద్యాలయమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేలు 1952లో రాజ్యసభకు నామినేటై, జంతుహింసను నివారింప ప్రత్యేకముగా బిల్లు ప్రవేశపెట్టిరి. ఆ కృషి 1960లో చట్టమై ఫలించెను, 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే అధ్యక్షురాలైరి. ఆ మదరాసుననే 1959లో కెప్టెన్ సుందరముగారు బ్లూక్రాసు అను జంతుసంరక్షణ సంస్థను నెలకొల్పిరి. కళాక్షేత్రమున భరతనాట్యము నభ్యసించి, వెండితెరపై పేరుగాంచి, అక్కినేని నాగార్జునను వివాహమాడి హైదరాబాదునకు వచ్చిన అమలగారు 1992లో భర్తతో కలిసి బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాదును స్థాపింపగా, దాని ఆశ్రయము జూబిలీ హిల్సులోనే వెలసెను. చిత్రపరిశ్రమ వచ్చిన త్రోవనే ఆ కరుణయు వచ్చెనని చెప్పుట అతిశయోక్తి కాదు. కారు క్రింద పడిన కూనను తువ్వాలులో చుట్టి తెచ్చినవారు, అది దక్కకపోయినచో, ఎవరును నవ్వరను ధైర్యముతో కంటతడి పెట్టుకొనగల చోటు ఒకటి ఈ కొండలకు అట్లు ఏర్పడెను.

ఇంతలో పెరడులు పోయినవి. బంగళాలు పడగొట్టి అపార్టుమెంట్లు లేపిన పిమ్మట, అయిదవ అంతస్తులో పెరిగిన పిల్లిని పూడ్చుటకు అడుగు మన్నైనను మిగులలేదు. ఫిల్మ్ నగరు ప్రక్కనే మహాప్రస్థానమను పేర మనుష్యులకు చక్కని శ్మశానవాటిక కలదు. 2022లో నటుడు కృష్ణగారి అంత్యక్రియలు అచటనే జరిగినవి. మహాప్రస్థానమను ఆ పేరు భారతమున పదునేడవ పర్వమునది. అందు తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు ఇంద్రునితో తెగేసి చెప్పెను. పెంపుడుజంతువులకు మాత్రము దహనవాటిక నగరమునకు ఆవలి కొసను, నాగోలు చేరువ ఫతుల్లాగూడలో నున్నది. అక్కడ పిల్లిని మర్యాదగా సాగనంపుట నేడు సాధ్యమైనది.

దేహమునకు దారి దొరకినది గాని, ఒంటరిగా మిగిలిన మనిషికి దొరకలేదు. పెంచినవారు తమ పిల్లిని చెంతనే పూడ్చుకొని తలచుకొనుటకు వీలుగా, అపార్టుమెంటు సంఘములవారు ప్రహరీగోడ ప్రక్కన నాలుగు చెట్లకు సరిపడు మన్నును సిమెంటు చేయక విడిచిపెట్టవలెనని కోరుచున్నాను. చదువరులకు నా విన్నపము మరియొకటి: మీ అంతస్తులో ఎవరి పిల్లియైనను పోయినదని తెలిసిన సాయంకాలము, ఇంకొకదానిని తెచ్చుకొమ్మని సలహా చెప్పక, ఆ యింటి తలుపు తట్టి, లోనికి పోయి, దాని పేరడిగి, వారు చెప్పినంతసేపు కూర్చుండి వినుడు.