చీవరం, వడ్డీ, శ్రేణి: గోవర్ధనపు నేతగాళ్ల అక్షయనివి

నాసిక్ దగ్గరి పాండవలేణి 10వ గుహలో, క్షత్రప నహపానుడి అల్లుడు ఉషవదాతుడు వేయించిన దానశాసనం మన తరగతి గదుల్లో సాధారణంగా శాతవాహన-క్షత్రప సంఘర్షణ సందర్భంలోనే ప్రస్తావనకు వస్తుంది. రాజవంశాల సంగతి కాసేపు పక్కన పెట్టి అందులోని అంకెలను చూస్తే, క్రీస్తుశకం తొలి శతాబ్దాల నేతవృత్తి గురించి అది చెప్పే విషయం వేరే ఉంది.

42వ సంవత్సరంలో ఉషవదాతుడు ఈ గుహను భిక్షుసంఘానికి ఇచ్చి, దానితోపాటు 3000 కార్షాపణాలను అక్షయనివిగా ఏర్పాటు చేశాడు. ఆ సొమ్మును సంఘం చేతికి గాని, రాజకోశానికి గాని ఇవ్వలేదు. గోవర్ధనంలోని ఒక కోలికనికాయం, అంటే నేతగాళ్ల శ్రేణి, దగ్గర 2000 ఉంచాడు. మరొక కోలికనికాయం దగ్గర 1000 ఉంచాడు. మొదటిదానికి వడ్డీ నెలకు నూటికి ఒకటి, రెండవదానికి ముప్పాతిక. నూటికి రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ అని నేటికీ లెక్క చెప్పుకునే తెలుగు పాఠకుడికి ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు. అసలు ఎన్నటికీ తిరిగి చెల్లించనక్కరలేదు. వడ్డీ మాత్రమే అనుభవించాలి.

రెండువేల మీద ఏడాదికి వచ్చే వడ్డీ 240 కార్షాపణాలు. గుహలో వర్షావాసం చేసే ఇరవైమంది భిక్షువులకు ఒక్కొక్కరికి చీవరం నిమిత్తం 12 చొప్పున శాసనం కేటాయించింది. లెక్క పైసాతో సహా సరిపోతుంది. వెయ్యి మీద వచ్చే 90 ఇతర అవసరాలకు. చీవరానికి డబ్బు నేతగాళ్ల దగ్గర ఉంచారు గనుక ఆ శ్రేణే చీవరాలు నేసి ఇచ్చిందని అనుకోవడం సులభం. కాని శాసనం నిర్దేశించింది ధనం, వస్త్రం కాదు. వినయపిటకం భిక్షువులకు ఆరు రకాల బట్టలను అనుమతించింది. వాటిలో మొదట చెప్పేది క్షౌమం, అంటే అవిసెనారతో నేసిన బట్ట. తర్వాత నూలు, పట్టు, ఉన్ని, జనపనార మొదలైనవి. (క్షుమ అంటే అవిసె అని అమరకోశమే చెబుతున్నా, దుకూలంతో కలిసిపోయి క్షౌమాన్ని పట్టుబట్టగా భావించడం మనలో స్థిరపడింది.) గోవర్ధనపు నేతగాళ్లు వీటిలో ఏది నేసేవారో తేల్చడానికి ఈ శాసనం పనికిరాదు.

అది తేల్చగల విషయం మూలధనానికి సంబంధించినది. అర్థశాస్త్రం ధర్మ్యమైన వడ్డీని నెలకు నూటికి ఒకటింపావు పణాలుగా, వర్తకపు వడ్డీని అయిదుగా, అడవిదారుల్లో తిరిగే వర్తకులకు పదిగా, సముద్ర వర్తకులకు ఇరవైగా పేర్కొంటుంది. అది శాస్త్రగ్రంథమే గాని గోవర్ధనపు ధరల పట్టిక కాదు. అయినా పోల్చి చూడటానికి ఒక కొలబద్ద. ఆ లెక్కన శ్రేణులకు దక్కిన సొమ్ము ధర్మ్యవడ్డీ కన్నా చౌక. పైగా గడువు లేదు. నూలు ముందే కొని, నేసి, అమ్ముడుపోయేదాకా ఆగవలసిన వృత్తికి ఇంతకన్నా అనువైన అప్పు దొరకదు. భిక్షువుల పేర జరిగిన ఈ దానం వల్ల నేతగాళ్లకు శాశ్వత పెట్టుబడి సమకూరిందని నా అభిప్రాయం. అర్థశాస్త్రంలోని సూత్రాధ్యక్షుడు రాజ్యం తరఫున క్షౌమ, దుకూలాదులను నేయించి, పనివారిని గంధమాల్యాలతో సంతోషపెడతాడు. ఇక్కడ శ్రేణి తానే రుణగ్రహీత, తానే పూచీదారు. ఒకే ఊళ్లో, ఒకే వృత్తిలో రెండు శ్రేణులు, రెండు వడ్డీలు ఉండటాన్ని బట్టి, ధరను రాజు విధించలేదనీ బేరం జరిగిందనీ ఊహించవచ్చు. ఒప్పందాన్ని నిగమసభలో వినిపించి, ఆచారం ప్రకారం ఫలకం మీద నమోదు చేయించారు. నిగమం మన ప్రాంతానికీ కొత్త కాదు. భట్టిప్రోలు ధాతుకరండ శాసనాల్లో నిగమ సభ్యుల పేర్లున్నాయి.

తరువాత రాజ్యం మారింది. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుడి నాణేలపై తన ముద్ర వేయించాడు. జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైబడిన నాణేల్లో 9 వేలకు పైగా అలా పునర్ముద్రితాలే. తన 18వ సంవత్సరంలో, అంతవరకు ఉషవదాతుడు అనుభవించిన 200 నివర్తనాల పొలాన్ని నాసిక్ భిక్షువులకు ఇచ్చాడు. భూమి సింహాసనంతోపాటు చేతులు మారింది. శాశ్వతంగా ఉండాలనుకున్న దానాన్ని నేతగాళ్ల చేతిలో పెట్టడంలోని వివేకం ఇక్కడ తెలుస్తుంది. వ్యక్తి మరణిస్తాడు, రాజు ఓడిపోతాడు. ఏటా 330 కార్షాపణాల బాధ్యతను తరతరాలు మోయగలిగేది సమష్టి సంస్థ ఒక్కటే. అది బరువు కూడానని మరువరాదు. మగ్గం ఆడినా ఆడకపోయినా వడ్డీ ఆగదు.

మరి సభ్యులే వృత్తి మారితే? మందసోర్ శాసనంలో దీనికి కొంత సమాధానం ఉంది. లాటదేశం నుంచి దశపురానికి వలస వచ్చిన పట్టువాయ శ్రేణిలో కొందరు నేతలోనే ఉండగా, మరికొందరు విలువిద్య, కథాప్రవచనం, జ్యోతిషం చేపట్టారు. అయినా మాలవ సంవత్సరం 493లో (క్రీ.శ. 436-37) తాము కట్టించిన సూర్యాలయం దెబ్బతిన్నప్పుడు, 36 ఏళ్ల తర్వాత దాన్ని బాగుచేయించింది ఆ శ్రేణే.